కారు తాళము వెనుక

మా ఇంట ఒక పాత అంబాసిడర్ కారు కలదు. 1970లో తయారైన మార్కు 2 రకము. మా నాయనగారు 1984లో దానిని మరియొకరి యొద్ద కొనిరి. వారు గతించిన పిమ్మట అమ్మివేయుడని బంధువులు పలుమారులు చెప్పిరి గాని మా తల్లిగారు ఒప్పుకొనలేదు. అందుచే ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనుచు దానిని నడుపుకొనుచున్నాము. ఇట్టి బండ్లు మన ప్రాంతములో ఇప్పటికిని అక్కడక్కడ కలవు. వానిని పోషించుకొనుచున్న వారికి ఒక చిన్న వస్తువును గూర్చి చెప్పదలచితిమి. తాళముచెవి దూర్చు రంధ్రము వెనుక నుండు స్విచ్చియే అది. దానికి ఇగ్నిషన్ స్విచ్చి యని పేరు.

ఒక వేసవిలో మా తల్లిగారిని వెంటబెట్టుకొని విజయవాడనుండి ఏలూరునకు పెండ్లికి బయలుదేరితిమి. గన్నవరము దాటితిమి, హనుమాన్ జంక్షన్ ఇంకను రాలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఇంజను ఒక్కసారిగా నిలిచిపోయెను. పెట్రోలు చాలనప్పుడు బండి దగ్గును, కుదుపును, కొంత బ్రతిమాలించుకొని గాని ఆగదు. ఇది అట్లు కాదు; దీపము ఆర్పినట్లు ఆగెను. వెనుక ఒక లారీ వచ్చుచుండెను. చేయి బయట పెట్టి ఊపుచు, బండికి మిగిలిన వేగముతోనే దానిని ఎడమ అంచునకు చేర్చితిమి. లారీ పెద్దగా హారను మ్రోగించుచు మా ప్రక్కనుండి, జానెడు ఎడముతో నన్నట్లు, దాటిపోయెను. ప్రక్క సీటులోనున్న మా తల్లిగారు డాష్‌బోర్డు అంచును రెండు చేతులతో పట్టుకొని "నారాయణా" అనిరి.

పది నిమిషములు ఆగి తాళము త్రిప్పగా ఇంజను ఏమియు ఎరుగనట్లు లేచెను. నాలుగు మైళ్లు పోయి మరల ఆగెను. ఈసారి దారి ప్రక్క నొక మెకానిక్కు దొరకెను. అతడు బానెట్టు ఎత్తి, కాయిలుమీద చేయి వేసి, "కాయిలు వేడెక్కి పోయిందండీ, మార్చేద్దాం" అనెను. మాటలో తప్పు లేదు. కాయిలు వేడికి చెడుటయు, చల్లబడిన పిమ్మట మరల పనిచేయుటయు కద్దు. మార్పించితిమి. బండి లేచెను, అర మైలు పోయి ఆగెను. అతడు మోటారుసైకిలుమీద వెంటవచ్చి కండెన్సరు మార్చెను. పాయింట్లు గీకెను. అప్పటికిని కుదురలేదు. తుదకు డాష్‌బోర్డు క్రింద దూరి రెండు వైర్లు చీల్చి ఒకటిగా మెలిపెట్టి, "డైరెక్టు ఇచ్చేశానండీ, ఇంక ఆగదు. ఊరెళ్ళాక చూపించుకోండి" అని డబ్బులు తీసుకొనెను. బండి నిజముగనే ఆగలేదు. ఆగవలసినచోట కూడ ఆగలేదు. పెండ్లివారి వాకిట తాళముచెవి తీసినను ఇంజను తిరుగుచునే యుండెను. గేరులో నుండగనే క్లచ్చి వదలి, దానిని కుదిపి ఆపి లోపలికి పోతిమి.

అచ్చట చేసిన తప్పు పూర్తిగా మాది. మెలిపెట్టిన వైర్లను విడదీయుట మరచితిమి. ఇంజను ఆగినను కరెంటు ఆగదు. ఇంజను ఆగునప్పటికి పాయింట్లు మూసికొని యుండినచో, కాయిలుగుండ సుమారు 4 ఆంపియర్ల కరెంటు ఎడతెగక పారుచుండును. పది గంటలకు 40 ఆంపియర్-గంటలు. మా బ్యాటరీ నిండుగ నున్నప్పుడు ఇచ్చునది 60. తెల్లవారి చూడగా బ్యాటరీ చచ్చియుండెను. క్రిందటి దినముననే కొన్న కొత్త కాయిలు ఉబ్బి, అంచునుండి నూనె కారుచుండెను. కొత్త పెండ్లికుమారుని తమ్ములు నలుగురు పట్టుబట్టలతోనే బండిని త్రోసినను అది లేవలేదు. అయినను ఈ నష్టము స్వల్పమే. అట్టి మెలిక విడి, పై పొర ఊడిన రాగితీగ ఇనుప బాడీకి తగిలినయెడల ఏమగును? బ్యాటరీనుండి స్విచ్చికి వచ్చు వైరునకు పాత బండ్లలో చాలవరకు ఫ్యూజు లేదు. కరెంటును ఆపువాడు లేక వైరు ఎర్రగా కాలును. డాష్‌బోర్డు క్రింద నున్న గుడ్డలు, అట్టలు అంటుకొనును. అటువంటి మెలికతోనే మా తల్లిగారిని కూర్చుండబెట్టుకొని ఇరువది మైళ్లు వచ్చితిమని తరువాత తెలిసినది.

బండిని విజయవాడకు లాగించుకొని వచ్చి, ఆటోనగరులో కార్ల విద్యుత్తు పని మాత్రమే చేయు ఒక పెద్దవానికి చూపితిమి. అతడు బానెట్టు ఎత్తలేదు. "ఆ రోజు బండి ఆగినప్పుడు డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగిందా అండీ?" అని అడిగెను. మేము లారీని చూచితిమి గాని లైటును చూడలేదు. మా తల్లిగారు బండిలోనుండియే, "వెలగలేదు నాయనా. ఇంజను ఆపితే ఎప్పుడూ వెలిగేది. ఆ రోజు వెలగలేదు" అనిరి. "అయితే కాయిలు కాదమ్మా, తాళమే" అని అతడు పనిముట్ల పెట్టె తెరచెను.

ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్న సంగతి వాహనము గలవారందరును తెలిసికొనదగినది. ఆ ఎర్రదీపమునకు ఒక ప్రక్క కరెంటు ఇగ్నిషన్ స్విచ్చి ద్వారమున వచ్చును. రెండవ ప్రక్క డైనమోకు కలిసియుండును. డైనమో తిరుగుచు కరెంటు పుట్టించునంతవరకు రెండు ప్రక్కల వోల్టేజి ఇంచుమించు సమానము; కావున దీపము వెలుగదు. బండి నిలిచి, డైనమో ఆగి, తాళము మాత్రము ఆన్‌లో ఉన్నచో దీపము వెలిగి తీరవలెను. కాయిలు చెడి ఇంజను ఆగినను, పాయింట్లు చెడి ఆగినను, పెట్రోలు లేక ఆగినను అది వెలుగును. స్విచ్చి తన లోపల కరెంటును తెగగొట్టినప్పుడు మాత్రము దీపమునకును కరెంటు అందదు. హారను మ్రోగుచున్నది, హెడ్‌లైట్లు వెలుగుచున్నవి, అనగా బ్యాటరీ బాగుగనే యున్నది. కాని తాళము త్రిప్పినను ఎర్రదీపము లేదు, పెట్రోలు ముల్లు లేవదు. అప్పుడు అనుమానింపవలసినది స్విచ్చిని, లేదా స్విచ్చికి వచ్చుచున్న వైరును. ఇంకొక గుర్తు కూడ కలదు. తాళము చివరివరకు త్రిప్పి పట్టుకొన్నంతసేపు ఇంజను పలికి, చేయి వదలగనే ఆగిపోవుచుండును. సెల్ఫ్ త్రిప్పు స్థానములోని స్పర్శ బాగుగనుండి, నడక స్థానములోని స్పర్శ అరిగిపోయిన స్విచ్చి అట్లు చేయును.

అట్లని దీపము వెలిగినంతమాత్రమున స్విచ్చి నిర్దోషి యనరాదు. ఆ పెద్దవాడు మాకు చూపిన పరీక్ష చూచి మేమును మొదట మోసపోతిమి. పాయింట్లు విడియున్నప్పుడు స్విచ్చికి ముందును వెనుకను మీటరు పెట్టి చూపెను. రెండుచోట్లను 12 వోల్టులే. "బాగానే ఉన్నదే" అంటిమి. అతడు నవ్వి, చేతితో ఇంజను కొంచెము త్రిప్పి పాయింట్లు మూసికొనునట్లు చేసి మరల చూపెను. స్విచ్చికి ముందు 12. కాయిలు ప్రక్క 9. నడుమ 3 వోల్టులు స్విచ్చిలోనే కరగిపోయినవి. కరెంటు పారనంతవరకు లోపము కనబడదు. ఖాళీ గొట్టములో పూడిక యున్నదో లేదో, నీరు వదలిన గాని తెలియదు గదా!

దీని లెక్క చిన్నదే. కాయిలు నిరోధము సుమారు 3 ఓములు. 12ను 3చే భాగింపగా 4 ఆంపియర్లు. స్విచ్చిలో త్రుప్పు, మసి చేరి 1 ఓము నిరోధము కలిగినచో మొత్తము 4 ఓములు. కరెంటు 3 ఆంపియర్లకు దిగును. నాలుగవ వంతే తగ్గినదని ఊరట చెందరాదు. కాయిలులో నిలువ చేరు శక్తి కరెంటు వర్గమునుబట్టి యుండును. 3కు వర్గము 9, 4కు వర్గము 16. అనగా స్పార్కునకు దొరకు శక్తి దాదాపు సగమైపోయినది. ఇక స్విచ్చి లోపల వ్యర్థమగు 9 వాట్లు వేడిగా మారును. ఉసిరికాయంత డబ్బీలో 9 వాట్లనగా, చేయి తగిలినచో చురుక్కుమనును. ఆ వేడికి స్ప్రింగు సడలును. స్పర్శ ఇంకను చెడును. చెడినకొలది వేడి పెరుగును. ఎండలో ఆగి, పది నిమిషములు చల్లారి, మరల లేచి, మరల ఆగిన మా బండి కథ యంతయు ఇదియే. కాయిలుమీద చేయి వేసిన మొదటి మెకానిక్కు డాష్‌బోర్డు వెనుక వేయలేదు, అంతే.

స్విచ్చికి ఇంత భారము మొదటినుండియు లేదు. తొలినాటి కార్లను చేతికఱ్ఱతో త్రిప్పవలసి వచ్చెడిది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చెను. చాలకాలము స్టార్టరునకు వేరే బొత్తాము ఉండెడిది. తాళముచెవి ఇంజనుకు కరెంటు ఇచ్చుటకు మాత్రమే. 1949లో క్రైస్లర్ వారు రెండును ఒకే తాళములో కలిపిరి. వాడుకకు సుఖమే, స్విచ్చికి చాకిరి. మా బండిలోనైతే ఆ చాకిరికి అంతు లేకుండెను. నాయనగారు కొననాటికే దానికొక ఫ్యాను కలుపబడియుండెను. తరువాత అదనపు హారను కలిసెను. మా వృత్తిని బట్టి చెప్పుటకు సిగ్గుగనున్నది గాని, ఒక రేడియో కూడ కలిసెను. రేడియో త్రాగు కరెంటు తక్కువే. ఫ్యానును, హారనును మాత్రము వేరే ఫ్యూజుతో, రిలేతో పెట్టవలసినది.

ఇక మార్చు పనిని గూర్చి. స్వయముగ చేసికొనదగినదే, కాని తొందరపడి చేయదగినది కాదు. మొట్టమొదట బ్యాటరీ విప్పవలెను. అందులోను బాడీకి కలిసియున్న కొసనే ముందు విప్పవలెను. ఆ కొస విప్పునప్పుడు స్పానరు బాడీకి తగిలినను ప్రమాదము లేదు. రెండవ కొసతో ఆరంభించి స్పానరు తగిలినచో నిప్పులు రాలును. పాత బ్రిటిషు పద్ధతి కార్లు కొన్నింటిలో ప్లస్సు కొస బాడీకి కలిసియుండును. కావున మైనస్సు అను మాటను నమ్మక, ఏ కొసనుండి వైరు బాడీకి పోవుచున్నదో కన్నులార చూచుకొనవలెను. బ్యాటరీ విప్పుట ఎందుకులే యని మేము మునుపొకసారి అమ్మీటరు వెనుక చేయి పెట్టితిమి. చేతి గడియారము ఇనుప పట్టీ ఒక నిమేషములో మణికట్టుమీద మచ్చ వేసెను. ఆ మచ్చ ఇప్పటికిని కలదు.

తరువాత వైర్లు. అంబాసిడర్‌కు మూలము మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని విద్యుత్ ఏర్పాటు లూకాస్ వారి పద్ధతిది. ఆ పద్ధతిలో బ్యాటరీ ప్రక్కనుండి వచ్చు వైరు గోధుమరంగు. స్విచ్చినుండి కాయిలునకు పోవునది తెలుపు. తెలుపుమీద ఎర్రచార గలది స్టార్టరు సాలినాయిడ్‌నకు. ఫ్యూజు దాటిన పిమ్మట ఆకుపచ్చ. ఇది పుస్తకములోని మాట. యాబది యేండ్ల బండిలో దొరకిన ముక్కతో అతికిన చేతులెన్నో. మా డాష్‌బోర్డు క్రింద గోధుమరంగు వైరు నడుమ ఇంటి గోడలకు వేయు నీలపు వైరు ముక్క కనబడెను. అందుచే రంగును నమ్మక, విప్పుటకు ముందే ప్రతి వైరునకు కాగితపు చీటీ అంటించి, స్విచ్చిపై దాని స్థానమును వ్రాసికొనవలెను. సెల్‌ఫోనుతో రెండు ఫోటోలు తీయుటయు మంచిదే. ఆటోనగరు పెద్దవాడు ఈ రెండును చేయలేదు. అతనికి నలుబది యేండ్ల అనుభవము కలదు, మనకు లేదు.

స్విచ్చిని డాష్‌బోర్డునకు పట్టియుంచునది సామాన్యముగ ముందువైపున నున్న మెరుగు రింగు. దానిని విప్పి స్విచ్చిని వెనుకకు త్రోసి క్రిందనుండి తీయవచ్చును. కొన్ని రకములలో ముందుగ తాళపు గుండ్రమును తీయవలసి యుండును. తాళము త్రిప్పియుంచి, ప్రక్కనున్న సన్నని రంధ్రములో గట్టి తీగ గ్రుచ్చి లోపలి మేకును నొక్కినచో గుండ్రము చెవితో సహా చేతికి వచ్చును. ఇది తెలిసిన, తలుపులకును తాళమునకును ఒకే చెవి యున్నవారు పాత గుండ్రమునే కొత్త స్విచ్చిలో అమర్చుకొనవచ్చును, అది పట్టు రకమైనచో.

ఇచ్చట అందరును తడబడు ఘట్టమొకటి కలదు. దుకాణములో "అంబాసిడర్ లాక్" అని అడిగిన ఇచ్చునది పాతదానివలె నుండదు. పాతదానికి మరలు; కొత్తదానికి రేకు నాలుకలు. పాతదానికి మూడు కొసలు. కొత్తదానికి నాలుగో ఐదో. ఉన్నచోటునుబట్టి వైర్లు తగిలించినచో, సెల్ఫ్ కొస ఇంజను కొసగా మారి, తాళము ఆన్ చేయగనే బండి ముందుకు గెంతవచ్చును. కావున కొత్త స్విచ్చిని బల్లమీద పెట్టి, మీటరుతోనో చిన్న బల్బు బ్యాటరీలతోనో పరీక్షింపవలెను. తాళము ఆఫ్‌లో ఏ కొసలు కలియుచున్నవి? నడక స్థానములో ఏవి? చెవి త్రిప్పి పట్టినప్పుడు ఏవి? కరెంటు వచ్చు కొస ఒకటి. నడకలోను, సెల్ఫ్ త్రిప్పునప్పుడును రెండింటను కరెంటు ఇచ్చు కొస కాయిలునకు. చెవి పట్టినప్పుడు మాత్రమే ఇచ్చు కొస సాలినాయిడ్‌నకు. పావుగంట పని. మేము బల్లమీద చూడగా మొదట కొన్న స్విచ్చి, సెల్ఫ్ త్రిప్పునప్పుడు కాయిలు కొసకు కరెంటు ఇచ్చుటలేదు. దానిని బండికి బిగించియున్నచో సెల్ఫ్ ఎంత తిరిగినను ఇంజను లేవకుండెడిది. మరల కాయిలును తిట్టియుందుము. దుకాణదారు గొణుగుకొనుచు మార్చి ఇచ్చెను.

వైరు కొసలను గీకి మెరుగు తేలునట్లు చేసి, రేకు తొడుగులను గట్టిగ నొక్కి తగిలించవలెను. నల్లబడి పెళుసైన కొసను ఒక అంగుళము కత్తిరించి వేయుట మేలు. ఆ మెకానిక్కు మెలిపెట్టినచోట మేము అట్లే కత్తిరించి, కొత్త ముక్క అతికి, పై తొడుగు వేసితిమి. బ్యాటరీ తగిలించిన పిమ్మట, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మొదట తాళము ఒక మెట్టే త్రిప్పి ఎర్రదీపము చూడవలెను. తరువాత సెల్ఫ్. తుదకు పాయింట్లు మూసి, స్విచ్చికి అటు నిటు మీటరు పెట్టవలెను. మా కొత్త స్విచ్చిలో నష్టము 0.1 వోల్టు. 0.2కు మించనంతవరకు చింతలేదు.

ఇదంతయు పాత బండ్ల బాధయే యని కొత్త కార్లవారు తలంచుచుందురేమో. 2014లో అమెరికాలో జరిగినది వారు వినవలెను. జనరల్ మోటార్స్ కంపెనీ ఆ యేడు సుమారు 26 లక్షల కార్లను స్విచ్చి లోపమునకై వెనుకకు పిలిచెను. షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ మొదలగునవి. వానిలో తాళమును నడక స్థానమున నిలిపియుంచు స్ప్రింగు పట్టు చాలనిది. చెవికి బరువైన గుత్తి వ్రేలాడుచున్నను, మోకాలు తగిలినను, గతుకులో పడినను చెవి జారి ఇంజను ఆగెడిది. దానితోపాటు పవరు స్టీరింగు ఆగెడిది. ప్రమాదమున ప్రాణము కాపాడవలసిన గాలిసంచులును తెరచుకొనకుండెడివి. నష్టపరిహార నిధివారు అంగీకరించిన మరణములు 124. స్ప్రింగు బలహీనమని కంపెనీలో కొందరికి యేండ్ల తరబడి తెలియును. 2006 ప్రాంతమున స్విచ్చిని బలపరచిరి గాని, దాని పార్టు నంబరు మార్చలేదు. అందుచే ఏది పాతదో ఏది కొత్తదో పరిశోధకులకు చాలకాలము అంతుబట్టలేదు. క్రిమినల్ కేసు పరిష్కారమునకు 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. విచిత్రమేమనగా, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయినదియు ఆ 2014వ సంవత్సరము మే నెలలోనే.

ఆ వార్త చదివిన నాడే మా చెవిగుత్తిని విడదీసియుండవలసినది. ఇంటి తాళములు, బీరువా తాళములు, ఆఫీసు సొరుగు తాళము, ఇత్తడి ఆంజనేయస్వామి బిళ్ల, అన్నియు కారు చెవికే తగిలించి యేండ్లు తిరిగితిమి. ఆ బరువు గతుకు గతుకునకు స్విచ్చిలోని స్పర్శలను గుంజుచునే యుండెను. ఇప్పుడు కారు చెవి ఒంటరిగ నున్నది. స్వామివారు డాష్‌బోర్డుమీదికి మారిరి.

దారిలో ఇంజను ఆగినప్పుడు చేయవలసినది కూడ చెప్పవలెను. చెవిని పూర్తిగ వెనుకకు త్రిప్పి లాగివేయరాదు. మా పాత బండిలో ఫరవాలేదు గాని, తరువాతి బండ్లలో చెవి తీసినచో స్టీరింగు బిగిసికొనును. కదలుచున్న బండిలో అంతకంటె భయంకరము లేదు. బ్రేకుకు ఇంజను సాయము గల బండ్లలో ఒకటి రెండు తొక్కులకే ఆ సాయము చాలును. పిమ్మట బలముగ తొక్కవలెను. కావున ఊరక పలుమారులు తొక్కక, ఒక్కసారి గట్టిగ తొక్కి పట్టి అంచునకు చేరవలెను. బండి నిలిచిన తరువాత తాళము ఆన్‌లోనే యుంచి ఎర్రదీపమువైపు ఒక్కసారి చూడవలెను.

ఏలూరు పెండ్లికూతురు తొలిచూలు కాన్పునకు పుట్టింటికి వచ్చినప్పుడు మేము అదే బండిలో పోయి చూచి వచ్చితిమి. దారిలో ఎక్కడను ఆగలేదు. వారి వాకిట బండి నిలిపి ఇంజను ఆపితిమి. మా తల్లిగారు తలుపు తెరవకమునుపే డాష్‌బోర్డువైపు వంగి, "ఆరిందిరా" అని చెప్పి దిగిరి.